పుట్టింటి డాలు, మెట్టినింటి డాలు: పారిస్‌లో కొన్న ఒక పాత పెట్టె

ఈ పెట్టె కొని ఎనిమిది నెలలైంది. కొన్న వారంలోనే రాసి ఉంటే చెక్క బాగుంది, సీసాలు బాగున్నాయి, ధర కాస్త ఎక్కువ అని నాలుగు ముక్కలు రాసి ఊరుకునేదాన్ని. ఇప్పుడు చెప్పాల్సింది చాలా ఉంది, ఎందుకంటే మూత మీద ఉన్న గుర్తు ఎవరిదో తెలిసింది. అది వదిలేస్తే ఈ పెట్టె గురించి ఏం చెప్పినా సగమే.

ఫ్రెంచివాళ్లు దీన్ని 'నెసెసేర్ ద వొయాజ్' అంటారు. ప్రయాణాల్లో అలంకరణ సామాను సర్దుకునే పెట్టె. వెడల్పు 33 సెంటీమీటర్లు, లోతు 25, ఎత్తు 15. తాళం రేకు మీద 'తాహాన్, పారిస్' అని ముద్ర ఉంది. పారిస్‌లో ర్యూ ద లా పే వీధిలో ఉండే ఈ తాహాన్ దుకాణం చిన్న పెట్టెలకి, నాజూకు చెక్క సామానుకి ఆ రోజుల్లో చాలా పేరున్నది. మూడో నెపోలియన్ చక్రవర్తికి సరుకు సరఫరా చేసిన దుకాణం. అంటే ఇది ఏదో సంతలో అమ్మిన మామూలు పెట్టె కాదు, డబ్బున్నవాళ్లు చెప్పి చేయించుకున్నది.

కొన్నది సాంతువాన్ పాత సామాను బజారులో. పారిస్ ఉత్తరపు అంచున, నాలుగో నంబరు మెట్రోలో చివరిదాకా వెళ్లి, పోర్ట్ ద క్లిన్యాంకూర్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే వస్తుంది. శని, ఆది, సోమవారాల్లో వెళ్లాలి, మిగతా రోజుల్లో చాలా షాపులు మూసే ఉంటాయి. షాపు పేరు రాయడం లేదు. షాపాయనతో నాకు ఒక పేచీ వచ్చింది, అది మర్యాదగానే తీరింది, తీరినదాన్ని పేరు పెట్టి మళ్లీ లాగడం నాకు ఇష్టం లేదు. అడిగిన ధర 1,450 యూరోలు. నేను ఇచ్చింది 1,250. మన డబ్బుల్లో లక్ష రూపాయలు దాటింది.

అంత డబ్బు పెట్టి పాత పెట్టె ఎందుకు అని మా ఇంట్లో అందరూ అడిగారు, ఒక్క నాన్న తప్ప. మాది యానాం. నాన్న నలభై ఏళ్లు వడ్రంగం చేశారు. షాపులోంచే వీడియో కాల్ చేసి మూత చూపిస్తే, "దగ్గరగా పెట్టు అమ్మలూ, ఇంకా దగ్గరగా" అని ఒకటే మాట. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే నచ్చిందని అర్థం.

చెక్క సంగతి ముందు చెప్తాను. పైన కనిపించేది తుయా వేరుగడ్డ. మొరాకో, అల్జీరియా కొండల్లో పెరిగే చెట్టు అది. వేరు దగ్గర కణితిలా ఉబ్బిన భాగాన్ని పల్చటి పొరలుగా కోసి, మామూలు చెక్క మీద అతికిస్తారు. ఆ పొర నిండా చిన్న చిన్న చుక్కలు, చుక్క చుట్టూ సుడులు. బెల్లం పాకం ఉడుకుతున్నప్పుడు పైకొచ్చే బుడగలు ఉంటాయే, సరిగ్గా అలా. అంచుల వెంట నల్ల పట్టీ ఉంది. దాన్ని చూసి నేను ఎబోనీ అనే నల్ల చెక్క అనుకున్నాను. పియర్ చెక్కకి నల్లరంగు పట్టించి ఎబోనీలా చేయడం ఆ కాలంలో మామూలే అని పెట్టె బాగుచేసే ఆయన తర్వాత చెప్పారు. నల్ల పట్టీకి, తుయాకి మధ్య దారమంత సన్నటి ఇత్తడి తీగ పొదిగారు. మూత చుట్టూ తిరిగి వచ్చిన తీగ ఎక్కడ కలిసిందో వెతికి పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇక మూత మధ్యలో, అరచేతిలో సగం ఉండే ఇత్తడి పలక, బంగారు నీరు పోసింది. దాని మీద రెండు డాళ్లు పక్కపక్కనే ఆనుకుని ఉన్నాయి, రెంటికీ కలిపి పైన ఒకే కిరీటం. షాపులో కట్టిన చీటీ మీద 'రోఆన్ ప్రభువుల వంశచిహ్నంతో' అని రాసి ఉంది. రోఆన్ వాళ్లంటే ఫ్రాన్సుకి పడమటనున్న బ్రిటనీ ప్రాంతంలో పెద్ద వంశం, ప్రిన్సులు, డ్యూకులు. ఆ ఒక్క మాటకే ధర మూడు నాలుగు వందలు పెరిగి ఉంటుంది. నేను కొన్నది మాత్రం ఆ పేరు చూసి కాదు. రెండు డాళ్లు ఉన్నాయేంటి అని ఆగాను.

ఆ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఫ్రాన్సులో పాత వస్తువు కొనే ఎవరికైనా ఇది పనికొస్తుంది.

మన దగ్గర పెళ్లికి ఇత్తడి బిందె కొంటే షాపువాడు "పేరు కొట్టించమంటారా?" అని అడుగుతాడు. చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా ఇంటిపేరు, పెళ్లికూతురి పేరు, తారీఖు కొట్టిస్తాం. యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ బిందె ఎవరి ఇంటిదో చెప్పొచ్చు. ఫ్రాన్సులో ఆ పని బొమ్మతో చేశారు. ఒక డాలు, దాని మీద కొన్ని రంగులు, కొన్ని గుర్తులు. ఆ కూర్పు ఒక ఇంటిది. మన రాజుల లాంఛనాల లాంటిదే, కాకపోతే రాజుల దగ్గరే ఆగలేదు. వ్యాపారులు, జడ్జీలు, ఊళ్లో కాస్త కలిగినవాళ్లు కూడా పెట్టుకున్నారు. 1696లో పద్నాలుగో లూయీకి యుద్ధం ఖర్చులకి డబ్బు కావలసి వచ్చి, డాలు ఉన్నవాళ్లంతా రిజిస్టరు చేయించుకుని రుసుము కట్టాలని ఫర్మానా ఇచ్చాడు. మామూలు మనిషికి 20 లీవ్రలు, అప్పటి ఫ్రెంచి డబ్బుల్లో. లక్ష పైచిలుకు డాళ్లు పుస్తకాలకెక్కాయి. అందులో ప్రభువుల ఇళ్లకంటే మామూలు ఇళ్లే ఎక్కువ. అందుకని డాలు కనిపించగానే జమీందారీ వస్తువని చెప్పి ధర పెంచితే నమ్మకండి.

ఇంకో సంగతి, ఇత్తడి మీద, వెండి మీద చెక్కినప్పుడు రంగులు వేయలేరు కదా. మరి ఎరుపో నీలమో ఎలా తెలుస్తుంది? గీతలతో. నిలువు గీతలుంటే ఎరుపు. అడ్డగీతలుంటే నీలం. రెండూ కలిసి గళ్లుగా ఉంటే నలుపు. మనకి ఎడమ పైమూల నుంచి కుడి కిందమూలకి ఏటవాలుగా ఉంటే ఆకుపచ్చ. చుక్కలుంటే బంగారం. ఏమీ లేకుండా నున్నగా ఉంటే వెండి. పెత్రా సాంక్తా అనే జెసూట్ ఫాదరీ 1638లో వేసిన పుస్తకంతో ఈ పద్ధతి అంతటా స్థిరపడింది. ఇది తెలియక ముందు ఆ గీతలు నగిషీ అనుకున్నాను. తెలిశాక భూతద్దం పెట్టుకుని చూస్తే ఆ పలక అక్షరాల్లా చదువుకోవడానికి వచ్చేసింది. ఆ రాత్రి నేను అన్నం తినడం మర్చిపోయాను. అది మాత్రం నాకు బాగా గుర్తు.

రోఆన్ వంశం డాలు ఇలా ఉంటుంది: ఎర్ర నేల, దాని మీద తొమ్మిది బంగారు 'మాకిళ్లు', మూడేసి చొప్పున మూడు వరసలు. 'మాకిల్' అంటే మధ్యలో ఖాళీ ఉన్న డైమండ్ ఆకారం, మన ముగ్గులో చుక్కల చుట్టూ వేసే గళ్లలాగా. నా పెట్టె మీద మాకిళ్లు ఉన్నమాట నిజమే. కానీ మూడే. నేల మీద ఉన్నవి అడ్డగీతలు, అంటే నీలం. ఎరుపు కాదు. పైగా కిరీటం చూడండి. డ్యూకు కిరీటం మీద ఆకులుంటాయి, మనకి ఎదురుగా అయిదు కనిపిస్తాయి. నా పెట్టె మీది కిరీటానికి ఆకులు లేవు, వరసగా తొమ్మిది ముత్యాలు. అది కౌంటు కిరీటం, కౌంటు అంటే డ్యూకు కంటే కింది బిరుదు. మొత్తం పదహారు ముత్యాలు, వెనకవి కనిపించవు కాబట్టి బొమ్మలో తొమ్మిది. కిరీటం ఒక్కటే రుజువు కాదని ఇక్కడే చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో హక్కు లేకుండానే కౌంటు కిరీటం పెట్టుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. లేని బిరుదు పెట్టుకుంటే శిక్ష వేస్తామని 1858లో మూడో నెపోలియన్ ప్రభుత్వం చట్టం కూడా తెచ్చింది. మరి చట్టం చేసేదాకా వచ్చిందంటే చూడండి.

అయితే గీతలు అబద్ధం చెప్పవు. నీలం మీద మూడు బంగారు మాకిళ్లు రోఆన్ వాళ్లవి కావు. చీటీ తప్పు.

రెండో డాలు గురించి చీటీలో ఒక్క ముక్క కూడా లేదు. నాకు ఎక్కువ బాధేసింది అక్కడే. జంట డాళ్లు ఉన్నాయంటే అది పెళ్లి. మనకి ఎడమవైపు కనిపించేది మొగుడి ఇంటిది, కుడివైపుది పెళ్లాం పుట్టింటిది. డాలు వెనక నిలబడి పట్టుకున్న మనిషి కుడి ఎడమలతో లెక్క వేస్తారు కాబట్టి, మనకి ఎడమ అనిపించేది వాళ్లకి కుడి, అది పెద్ద స్థానం. కుడివైపు డాలు ఇలా ఉంది: నున్నటి నేల, అంటే వెండి. మధ్యలో ఒక చెట్టు, దాని మీద ఏటవాలు గీతలు, అంటే ఆకుపచ్చ. పైభాగంలో అడ్డంగా వెడల్పు పట్టీ, నిలువు గీతలతో ఎర్రగా, అందులో మూడు నక్షత్రాలు. ఒక్కో నక్షత్రం నువ్వుగింజ కంటే చిన్నది. అందులో కూడా చుక్కలు పెట్టాడు చెక్కినాయన. బంగారు నక్షత్రాలన్నమాట. భూతద్దం లేకుండా ఎవరూ చూడలేని చోట కూడా ఆ అమ్మాయి పుట్టింటి రంగు తప్పు పోకూడదని చుక్కలు కొట్టాడు. చీటీ రాసినాయన మాత్రం ఆ డాలునే చూడలేదు.

ఎవరి ఇల్లో వెతకడానికి రెండు నెలల ఆదివారాలు పట్టాయి. రీత్‌స్టాప్ అనే ఆయన పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ మొత్తం డాళ్లు కూర్చిన పెద్ద పుస్తకం ఉంది. కాకపోతే అది ఇంటిపేర్ల వరసలో ఉంటుంది. నా దగ్గర ఉన్నది బొమ్మ, పేరు కాదు. దానికి తిరగేసిన పుస్తకం ఇంకొకటి ఉంది. బొమ్మ పట్టుకుని వెళ్తే పేరు చెప్పేది, రెనెస్ అనే కౌంటు ఏడు సంపుటాల్లో చేశాడు. అందులో మూడు మాకిళ్లు, నీలం నేల అని వెతికితే ఒక్క ఇల్లు కాదు, కొన్ని ఇళ్లు వచ్చాయి. చెట్టు, మూడు నక్షత్రాల పట్టీ అయితే ఇంకా ఎక్కువ వచ్చాయి. ఒక్కో డాలు విడిగా తీసుకుంటే తేలేది కాదు. ఈ రెండు ఇళ్ల మధ్య పెళ్లి ఎక్కడైనా జరిగిందా అని జత చేసి చూస్తే ఒక్కటే మిగిలింది. ఆ పెళ్లికూతురి డాలు లేకపోతే ఆ పెళ్లికొడుకు ఇల్లు కూడా దొరికేది కాదు.

పెళ్లి 1859లో, పారిస్‌లో జరిగింది. రిజిస్టరు చూద్దామంటే కుదరదు. 1871 మే నెలలో, కమ్యూన్ అనే తిరుగుబాటు ప్రభుత్వం చివరి రోజుల్లో, పారిస్ నగర భవనం, న్యాయస్థానం రెండూ తగలబడ్డాయి. పుట్టుకల, పెళ్లిళ్ల, చావుల పుస్తకాల అసలు ఒక చోట, నకలు ఒక చోట దాచారు, రెండూ పోయాయి. 1860కి ముందు నాటి పారిస్ రికార్డుల్లో తర్వాత మళ్లీ రాసుకోగలిగింది మూడోవంతే. ఈ పెళ్లి ఆ మూడోవంతులో లేదు. అయితే ఫ్రాన్సులో పెళ్లికి ముందు ఇద్దరి ఊళ్లలోనూ ప్రకటన వేయాలి. పెళ్లికొడుకుది బ్రిటనీలో మోర్బిహాన్ జిల్లాలో ఒక పల్లె. ఆ పల్లె పుస్తకాలు తగలబడలేదు. ప్రకటన దొరికింది. అబ్బాయికి 31, అమ్మాయికి 19. అమ్మాయి తండ్రి జడ్జి. చెట్టు, నక్షత్రాల పట్టీ లాంటి డాళ్లు కోర్టు ఉద్యోగాల ఇళ్లలో బాగా కనిపిస్తాయి కాబట్టి అదీ సరిపోయింది. ఆమె 1911లో ఆ పల్లెలోనే పోయింది. పేర్లు నేను ఇక్కడ రాయను. వాళ్ల మునిమనవల పిల్లలు ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

అప్పటి ఫ్రెంచి పెద్దిళ్లలో పెళ్లికొడుకు తరఫువాళ్లు పెళ్లికూతురికి 'కోర్బే' అని పంపేవారు. నగలు, లేసులు, కశ్మీరు శాలువాలు, ఇలాంటి పెట్టెలు. మన సారెకి తిరగేసిన పద్ధతి అనుకోవచ్చు. ఈ పెట్టె కూడా అలా వచ్చిందే అనుకుంటున్నాను, మగపెళ్లివారు డబ్బు పెట్టి చేయించినది. అయినా దాని మీద అమ్మాయి పుట్టింటి డాలు అంతే పరిమాణంలో చెక్కించారు. కొలిచాను, రెండూ 19 మిల్లీమీటర్లు. మా అమ్మమ్మ కావిడిపెట్టె మీద మా తాతయ్య ఇంటిపేరే ఉంది, ఆమె పుట్టింటి పేరు ఎక్కడా లేదు. పందొమ్మిదేళ్ల అమ్మాయి పారిస్ నుంచి ఆ పల్లెకి వెళ్లి యాభై రెండేళ్లు ఉంది. ఉదయం లేచి మూత ఎత్తబోయినప్పుడల్లా ఆమె చెయ్యి ఆ చెట్టు మీద పడే ఉంటుంది. ఆ పక్కన అరుగుదల ఎక్కువగా ఉంది కూడా, కిరీటంలో కుడివైపు చివరి రెండు ముత్యాలు దాదాపు చెరిగిపోయాయి.

లోపలి సంగతికి వస్తే, మూత ఎత్తగానే ఒక వాసన వస్తుంది. పాత తోలు, ఎండిన పువ్వులు, కాస్త కర్పూరం లాంటిది కలిసిన వాసన. ఎనిమిది నెలల్లో తగ్గలేదు. మూత లోపల అద్దం, అద్దం వెనక ఉత్తరాలు పెట్టుకునే తోలు సంచి. కింద అరల్లో నాలుగు కోత గాజు సీసాలు, రెండు చిన్న డబ్బాలు, ముత్యపుచిప్ప పిడులున్న గోళ్ల సామాను. సీసాల మూతలు వెండి మీద బంగారు పూత. మూత అంచున పిన్ను తల కంటే చిన్న ముద్ర ఒకటి ఉంది, పంది తల. 1838 నుంచి పారిస్ పరీక్ష కార్యాలయంలో చిన్న వెండి వస్తువులకి కొట్టిన ముద్ర అదే. పారిస్ బయట అయితే పీత ముద్ర. అది వరాహం కదా అని నాకు ఎంత సంతోషం వేసిందో! మా గోదావరి నేలని ఏలిన తూర్పు చాళుక్యుల లాంఛనం వరాహమే. రెంటికీ సంబంధం లేదని తెలుసు. అయినా భూతద్దంలో అది కనిపించగానే నాన్నకి ఫోన్ చేశాను.

రహస్యపు అర ఉంటుందని షాపాయన చెప్పలేదు, ఆయనకీ తెలియదట. నాన్న చెప్పారు. "లోపలి లోతు చూడు, బయటి ఎత్తు చూడు. రెండు వేళ్ల మందం ఎక్కడికి పోయింది?" అన్నారు. వెనక కుడిమూలలో ఇత్తడి మేకులాంటిది పైకి లాగితే అడుగున ఒక సొరుగు రేకు స్ప్రింగు తోసినట్టు ముందుకొస్తుంది. సొరుగు మూలల్లో చెక్క పళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్న అతుకు, మేకు అన్నది లేదు. సొరుగు ఖాళీ. కానీ దాని లోపల పరిచిన మఖమలు వంకాయరంగుది, పట్టు, ఒక పక్క వెలిసిపోయింది. పైన సీసాల అరల్లో ఉన్నదేమో నీలం, ఎక్కడా వెలిసిపోలేదు, నలగలేదు, కాస్త ప్లాస్టిక్ మెరుపు. అంటే పై మఖమలు ఎవరో ఈ మధ్య మార్చారు. నాకు అమ్మేటప్పుడు 'లోపల అంతా అసలుదే' అన్నారు. ఇది రెండో తప్పు. నాలుగు సీసాల్లో ఒకటి కూడా వేరే పెట్టెది. మిగతా మూడింటి మూతల మీద జంట డాళ్లు బుల్లిగా చెక్కి ఉన్నాయి, దీని మీద ఏమీ లేదు. ఎత్తు కూడా రెండు మిల్లీమీటర్లు ఎక్కువ, అందుకే పెట్టె మూత వేసేటప్పుడు కాస్త నొక్కాలి. నేను ఆ సీసా తీసి పక్కన పెట్టేశాను. అద్దం పగలగొట్టుకునే కంటే ఖాళీ అర నయం.

ఇవన్నీ ప్రింట్లు తీసుకుని మూడు నెలల తర్వాత షాపుకి వెళ్లాను. చాలా టెన్షన్ పడ్డాను, ఆ పెద్దాయన నన్ను గెంటేస్తారేమోనని. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తన భూతద్దం తెచ్చుకుని గీతలు చూశారు, రెనెస్ పేజీ చూశారు. తను ఏదో ఎస్టేటు అమ్మకంలో కొన్నప్పుడు ఆ చీటీ దాంతోనే వచ్చిందని, తిరిగి చూడలేదని చెప్పారు. బిల్లు మీద రోఆన్ పేరు కొట్టేసి, 'లోపలి మఖమలు తర్వాత వేసినది, ఒక సీసా జత కాదు' అని రాసి సంతకం పెట్టి 150 యూరోలు వెనక్కిచ్చారు. తనంతట తనే రెండో డాలు ఎవరిదని అడిగి తెలుసుకున్నారు. ఆ ఒక్క ప్రశ్నతో నా కోపం పోయింది.

మీరు కొంటే మొదటి రోజే వివరమైన బిల్లు అడగండి. ఫ్రాన్సులో 1981 మార్చి 3 నాటి డిక్రీ ఒకటి ఉంది. కొనేవాళ్లు అడిగితే, వస్తువు ఏమిటి, దేంతో చేసింది, ఏ కాలానిది అని అమ్మేవాళ్లు రాసివ్వాలి. నోటిమాటకి విలువ లేదు. నా దగ్గర బిల్లు మీద 'రోఆన్' అని రాసి ఉండబట్టే మాట సాగింది.

ఇంకో జాగ్రత్త, ఇండియా తీసుకెళ్దామనుకునేవాళ్లకి. అదే బజారులో తాబేటి చిప్ప, ఇత్తడి కలిపి పొదిగిన పెట్టెలు బోలెడు కనిపిస్తాయి. బూల్ పని అంటారు, పద్నాలుగో లూయీ కాలపు ఆంద్రే షార్ల్ బూల్ పేరు మీద. చూడ్డానికి కళ్లు చెదిరిపోతాయి. కానీ అది హాక్స్‌బిల్ సముద్రపు తాబేలు చిప్ప. అంతరించిపోయే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో మొదటి జాబితాలో ఉంది, మన వన్యప్రాణి చట్టంలో కూడా ఒకటో షెడ్యూలు. పాతదైనా పర్మిట్ లేకుండా యూరప్ దాటించకూడదు. ఏనుగు దంతం పిడులున్న బ్రష్షుల సెట్టుకీ అదే తంటా. నేను తుయా పెట్టె, ముత్యపుచిప్ప పిడులు ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం, ఎప్పటికైనా యానాం తీసుకెళ్లాలని.

పెట్టెలో నా చేతిలో జరిగిన నష్టం కూడా ఒకటి ఉంది. కొన్న కొత్తలో హీటరుకి మూడడుగుల దూరంలో బల్ల మీద పెట్టాను. మూడు వారాలకి ఎడమ మూల దగ్గర ఇత్తడి తీగ వెంట్రుకంత పైకి లేచింది, రుమాలుతో తుడిస్తే దారం పట్టుకుంది. పొడి వేడికి చెక్క కుంచించుకుంటుంది, ఇత్తడి కుంచించుకోదు, దాంతో ఊడి పైకొస్తుంది. సూపర్‌గ్లూ తెచ్చి అంటించేద్దామనుకున్నాను. నాన్న కేకలేశారు. "దాంతో అతికిస్తే మళ్లీ ఎవడూ విప్పలేడు. వాళ్లు అంటించింది బంకతో, బంకతోనే అంటించాలి." ఆయన చెప్పే బంక జంతువుల ఎముకలు, తోలు మరిగించి చేసేది, వేడి నీళ్లు తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. ఇక్కడ చెక్క సామాను బాగుచేసే ఆయన చేప బంక వాడారు, ఇత్తడికి అది బాగా పట్టుకుంటుందట. 180 యూరోలు తీసుకున్నారు, పదిరోజుల్లో ఇచ్చారు. తీగ ఎక్కడ లేచిందో ఇప్పుడు నాకే తెలియడం లేదు.

అన్నీ కలిపి 1,280 యూరోలయింది. పెట్టెకి అయిదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు మఖమలు మార్చినవాళ్ల మీద కోపంతో తీసేస్తున్నాను. షాపుకి నాలుగు. మొదట చెప్పినదానికి మూడే ఇవ్వాలి, తర్వాత నడుచుకున్న తీరుకి ఒకటి కలిపాను. డాలు ఉన్న వస్తువు మీకు ఎక్కడైనా కనిపిస్తే ముందు గీతలు చూడండి, రెండు డాళ్లు ఉంటే రెండూ చూడండి. ఫోన్లో కెమెరా పెద్దది చేసి ఫొటో తీసుకుంటే చాలు, షాపులో భూతద్దం కూడా అడగక్కర్లేదు.

చలి మళ్లీ మొదలైంది. పెట్టెని ఉత్తరపు గోడ పక్కకి మార్చాను, హీటరు పక్కన గిన్నెడు నీళ్లు పెట్టాను. నాన్న ప్రతి ఆదివారం ఫోన్ చేసి నా సంగతి అడిగాక తీగ సంగతి అడుగుతున్నారు. ఇంతవరకు లేవలేదు.